అవలంబించు అనే క్రియ

మేబెల్ టీచర్‌కు రెండు పేర్లు. మా స్టాఫ్ రూములో, చర్చిలో, చిలకలగూడ కూరగాయల బండ్ల దగ్గర ఆమె మేబెల్. హాజరు పట్టీలో, జీతం బిల్లులో, ఓటరు కార్డులో కల్పలత. కొత్తగా వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ మొదటి వారంలోనే "ఈ కల్పలత ఎవరండీ, సంతకం రోజూ ఉంటుంది, మనిషి మాత్రం కనబడదు" అని అడిగేవారు. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె కూడా మాతో కలిసి నవ్వేది. ఆ నవ్వు ఆమెకు ఇష్టం లేని నవ్వని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

నా పేరు సదాశివ. సికింద్రాబాదులో ఆమె పనిచేసిన మిషన్ స్కూల్లోనే తెలుగు పండితుణ్ణి. రిటైరై ఇన్నేళ్ళయినా మా మల్కాజ్‌గిరి అపార్టుమెంటులో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ నన్ను పంతులు సారనే అంటారు. నాకు ముక్కు మీద కోపమని కూడా అంటారు. తప్పు రాసినవాణ్ణి తప్పు రాశావురా అంటే అది కోపమెలా అవుతుందో నాకు అర్థం కాదు. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం కోపం ఉంది. దాచను.

రెండు పేర్లు ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. ఆమె తండ్రి జీవరాజు గారు గుంటూరు వైపు మనిషి. రైల్వేలో గ్యాంగ్‌మన్ పని దొరికి సికింద్రాబాదు వచ్చి, చిలకలగూడలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాడు. పుట్టుకతో మాల, తాత కాలం నుంచి క్రైస్తవులు. కూతుర్ని బళ్ళో వేయడానికి తీసుకెళ్తే అక్కడి హెడ్మాస్టరు మంచివాడు, జాలి గుండె. మేబెల్ అని, క్రైస్తవ అని రాస్తే స్కాలర్‌షిప్పు రాదు, రేపు హాస్టలు రాదు, ఆ పైన ఉద్యోగమూ రాదు, హిందూ మాల అని రాయించి మామూలు పేరేదైనా చెప్పవయ్యా అన్నాడట. జీవరాజుకు పేరేదీ తోచలేదు. గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కుంటుంటే హెడ్మాస్టరే విసుగొచ్చి తన కూతురి పేరు రాసేశాడు. ఆ విధంగా పక్కింటి పిల్ల చొక్కా తొడుక్కున్నట్టు ఎవరిదో పేరు ఈమెకు వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ ప్రార్థన చేసుకున్నారట. వాళ్ళ వాళ్ళల్లో ఇది వింతేమీ కాదు. బడి పేరు, గుడి పేరు అని ఇంటింటా మామూలుగా అనుకునే మాట. చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు.

ఆమె సోషల్ చెప్పేది. తొమ్మిదో తరగతిలో ప్రాథమిక హక్కుల పాఠం వచ్చిందంటే పక్క గదిలో నా పద్యం ఆగిపోయేది, ఆమె గొంతు అంత పెద్దది. "హక్కులు ఎవరిచ్చారు?" అని అడిగేది. పిల్లలు సర్కారు అనేవాళ్ళు, కొందరు గాంధీతాత అనేవాళ్ళు, ఒకడు ఒకసారి మా నాన్న అన్నాడు. అందర్నీ నిలబెట్టేది. ఇచ్చేవాడు ఒకడుంటే తీసుకునేవాడు కూడా వాడేనని, ఇవి ఒకరు ఇచ్చినవి కావని, ఈ దేశపు జనం తమకు తామే రాసుకున్నారని, రాజుల దయ, తెల్లవాళ్ళ దయ, నిజాముగారి దయ అన్నీ చూసి విసిగిపోయి రాసుకున్నారని చెప్పేది. హక్కు అనే మాట ఉర్దూ నుంచి వచ్చిందని, అక్కడ దానికి న్యాయమని, నిజమని కూడా అర్థాలున్నాయని నేను ఒకసారి స్టాఫ్ రూములో చెబితే, మర్నాటి నుంచి అది కూడా పాఠంలో కలిపేసింది. చెప్పిందెవరో మాత్రం పిల్లలకు చెప్పలేదు. దాని మీద మేం వారం రోజులు మాట్లాడుకోలేదు.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, అవలంబించు అంటే అసలు అర్థం ఏంటి?"

వేలాడటం, పట్టుకుని నిలబడటం, ఊతగా చేసుకోవడం అని చెప్పాను. అవలంబనం అంటే ఆధారం. ఎందుకు టీచర్ అన్నాను.

అప్పుడు చెప్పింది. రాజ్యాంగంలో ఇరవై ఐదో అధికరణం ఎవరైనా తమకు నచ్చిన మతాన్ని స్వేచ్ఛగా అవలంబించవచ్చు అంటుంది. అది 1950 జనవరిలో అమలయింది. అదే ఏడాది ఆగస్టులో షెడ్యూల్డు కులాల జాబితా మీద ఒక ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక మరో మతాన్ని అవలంబించేవాళ్ళు ఎవరూ షెడ్యూల్డు కులంవాళ్ళు కారని అందులో రాశారు. తర్వాత సిక్కుల్ని, ఆ తర్వాత బౌద్ధుల్ని కలుపుకున్నారు. క్రైస్తవులు, ముస్లింలు అలాగే బయట ఉండిపోయారు. మతం మారితే కులం పోతుందని వాళ్ళ లెక్క. "మా నాన్నకి ఇల్లు అద్దెకు అడిగిన ప్రతిచోటా అది పోలేదు సార్" అంది. జనవరిలో పట్టుకో అన్న కొమ్మనే ఆగస్టులో పట్టుకుంటే నువ్వు లెక్కలో లేవన్నారు. రెండు చోట్లా అదే క్రియ.

నాకు వ్యాకరణం తెలుసు గాని ఈ ముడి తెలియదు. ఏదో ఒకటి అనాలి గదా, మీకేమిటి టీచర్, మీరు కల్పలత గదా అన్నాను. ఆమె డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"అవును సార్. నేను దేన్నీ అవలంబించడం లేదు. ఊరికే వేలాడుతున్నా."

రిటైరయ్యాక ఆమె, భర్త హెన్రీ గారు మా అపార్టుమెంటులోనే నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. నేను రెండో అంతస్తు. హెన్రీ గారు రైల్వేలో గుమాస్తాగా చేసి దిగిపోయారు, నోట్లో నాలుక లేని మనిషి. ఒక్కతే కూతురు జెరూషా. ఆ పిల్లకీ బడి పేరు వేరే, నవత. ఆ పేరు మీదే, ఆ కులం సర్టిఫికెట్టు మీదే ఒక బ్యాంకులో ఉద్యోగం సంపాదించుకుంది.

మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి రాఘవేందర్. కాంట్రాక్టులు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడు. అతని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే అన్యాయం. బోరు ఎండిపోతే ఒక్క పూటలో మనుషుల్ని దింపేవాడు. హెన్రీ గారు గుండెపోటుతో పోయినప్పుడు అంబులెన్సు పిలిచింది అతనే, ఫ్రీజరు పెట్టె తెప్పించింది అతనే, శ్మశానం దాకా వచ్చి పెట్టెకు భుజం పట్టింది కూడా అతనే. ఆ రోజు మేబెల్ టీచర్ అతనికి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. నేను చూశాను.

అలాంటివాడు లిఫ్టు పక్కన ఒక బోర్డు పెట్టించాడు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, సామాన్లు తెచ్చేవాళ్ళు మెట్లే వాడాలని. మా దగ్గర రాజ్యం అని ఒకామె ఐదు ఇళ్ళల్లో అంట్లు తోమేది. అందులో మేబెల్ టీచర్‌ది ఒకటి. మోకాళ్ళు వాచిపోయి ప్రతి అంతస్తులోనూ గోడ పట్టుకుని ఆగేది. నెల చివర సెల్లారులో, బండ్లు పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని సంఘం మీటింగు. లైట్ల లెక్కలు, నీళ్ళ ట్యాంకరు గొడవ అయ్యాక టీచర్ లేచి, ఆ బోర్డు తీసేయమని అడిగింది. కొందరు మనుషుల్ని చూసి వీళ్ళు ఎక్కకూడదనడం రాజ్యాంగం ఒప్పుకోదు అంది. తొమ్మిదో తరగతికి చెప్పినట్టే చెప్పింది, అదే గొంతు. రాజ్యం అప్పుడు అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

రాఘవేందర్ మొదట నవ్వాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు టీచరమ్మ చెప్పింది నిజమే గదా అనేసరికి అతని మొహం మారింది.

"ఏందీ, రాజ్యాంగం మీ జాతికే రాసిచ్చిన్రా? దాన్ని లిఫ్టు ఎక్కిస్తే రేపు దేవుని గదిల గూసుంటది. ఏసుప్రభువును మొక్కితె మీరెవరో మాకు ఎర్క లేదనుకున్నవా?"

ఆ తర్వాత ఒక మాట అన్నాడు. కులం పేరు, దాని ముందు ఒక బూతు. రాజ్యాన్ని చూపించి ఒకసారి, టీచర్‌ను చూపించి ఒకసారి. ఆ మాట ఇక్కడ రాయను. నలభై మంది విన్నారు. నేను లేచి నోర్ముయ్ అన్నాను. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. రాఘవేందర్‌కు ఆమె కులం తెలుసుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అవసరం రాలేదన్నది గుర్తు పెట్టుకోండి.

టీచర్ ఏడవలేదు. మర్నాడు పొద్దున పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇచ్చింది. నేను వెంట వెళ్ళాను. రాజ్యాన్ని కూడా రమ్మంటే రాలేదు. "నాకు ఐదిండ్లు గావాలె టీచరమ్మా, నన్ను గీ కేసుల కలపకు" అని గుమ్మం దగ్గరే చేతులు జోడించింది. ఆమె పేరుతో కేసు పెట్టి ఉంటే దానికి తిరుగుండేది కాదు. ఆమెదీ షెడ్యూల్డు కులమే, పైగా హిందువు. ఇంట్లోనూ రాజ్యం, కాగితం మీదా రాజ్యమే. ఒకే నోటి నుంచి ఒకే మాట ఇద్దరి మీద పడింది. చట్టానికి అందులో రాజ్యం మీద పడిందే వినబడుతుంది, ఆమె చెప్పనంది.

షెడ్యూల్డు కులాల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. సర్టిఫికెట్టు అడిగారు, ఇచ్చింది. కల్పలత, హిందూ, మాల. కేసు కోర్టుకు వచ్చేసరికి రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆలోగా అపార్టుమెంటులో ఆమె దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. రాజీ పడమని రాఘవేందర్ తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చి టీ తాగి వెళ్ళారు. క్షమాపణ నలుగురిలో చెబితే చాలు, కేసు తీసేసుకుంటా అంది ఆమె. అతను చెప్పనన్నాడు.

సర్కారు వకీలు ఆమెను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. రాఘవేందర్ తిట్టాడా లేదా అన్న జోలికి అవతలివాళ్ళ వకీలు పోడు, తిట్టినట్టు నలుగురు చెబుతారు గనుక. అతను పట్టుకునేది ఒక్కటే, మీరు క్రైస్తవురాలని. అది రుజువైతే మీరు షెడ్యూల్డు కులం కాదు, అప్పుడు రాఘవేందర్ తిట్టినా తిట్టనట్టే. మీరు హిందువునని ఒక్క మాట చెప్పండి, కాగితం మీ వైపే ఉంది, అంతే.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. జెరూషా కూడా వెనకే వచ్చింది. తల్లీ కూతుళ్ళు అప్పటికే పోట్లాడుకుని ఉన్నారు, మొహాలు చూస్తే తెలుస్తోంది. నిజం చెబితే కేసు పోతుంది, అది సరే. కానీ తల్లి క్రైస్తవురాలని కోర్టు రాస్తే కూతురి సర్టిఫికెట్టు నిలవదు, ఉద్యోగం నిలవదు. అసలు కేసే వద్దని మొదటి రోజే చెప్పాను గదా అంటోంది జెరూషా. ఇప్పుడు వెనక్కి తీసుకోలేవా అంటోంది. టీచర్ నా వైపు తిరిగి, దేవుని సాక్షిగా అని ప్రమాణం చేయించి మరీ అడుగుతారట సార్, ఏం చెప్పమంటారు అంది.

నేనేం చెప్పను! హక్కు అంటే నిజం అని నేనే కదా ఒకప్పుడు చెప్పింది. పిల్ల ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. కాగితం మీద ఉన్నదే చెప్పండి టీచర్ అన్నాను. ఆమె తల ఊపింది. అప్పటికే నిర్ణయం తీసుకుందని, ఊరికే ఎవరైనా గట్టిగా అంటే విందామని వచ్చిందని నాకు అనిపించింది.

మొదటి రోజు ఆమె సాక్ష్యం చెప్పింది, మతం మాట రాలేదు. తర్వాతి వాయిదాకు నేను చెప్పాను. అవతలి వకీలు కుర్రవాడే, మాట మెత్తన. ఆమెను మీరు ఏ పేరుతో పిలుస్తారు అని అడిగాడు. టీచర్ అని పిలుస్తాను అన్నాను. పేరుతో పిలవరా అన్నాడు. ఆడవాళ్ళను పేరు పెట్టి పిలిచే అలవాటు మా కాలంలో లేదన్నాను. జడ్జిగారు కూడా చిన్నగా నవ్వారు. నేను గెలిచినట్టే దిగాను. ఆ తర్వాత వాయిదాకు ఆమెను మళ్ళీ పిలిపించాలని ఆ వకీలు అర్జీ పెట్టుకున్నాడు. నా సాక్ష్యం అయిపోయింది గనుక ఈసారి నన్ను లోపల కూర్చోనిచ్చారు. పక్కన జెరూషా.

ప్రమాణం అయింది. మతం అడిగాడు. హిందూ అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది, జడ్జిగారు మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పింది. ఆదివారాలు ఎక్కడికి వెళ్తారు అన్నాడు. ఇంట్లోనే ఉంటాను అంది. ఇరవై ఏళ్ళు సండే స్కూలు నడిపిన మనిషి. మీ భర్తను దహనం చేశారా అన్నాడు. పూడ్చాం, మా కులంలో పూడ్చడం ఉంది అంది. అది నిజమే, చాలా ఇళ్ళల్లో ఉంది. సర్కారు వకీలు భేష్ అన్నట్టు తల ఊపాడు. నాకు కూడా కాస్త ఊపిరాడింది.

అప్పుడు ఆ వకీలు ఒక ఫొటో తీశాడు. హెన్రీ గారి సమాధి. ఎక్కడుందో వాళ్ళకెలా తెలుసు అని అడగనక్కర్లేదు, పెట్టెకు భుజం పట్టినవాడే దోవ చూపించాడు. నల్ల రాయి, పైన సిలువ. కింద హెన్రీ గారి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాళ్ళల్లో భార్యాభర్తలకు ఒకే సమాధి ఉంచుకుంటారు. స్థలం దొరకదని, రాయి వేసేటప్పుడే రెండో పేరు కూడా చెక్కించేస్తారు. హెన్రీ గారి పేరు కింద ఆయన భార్య మేబెల్ అని, పుట్టిన సంవత్సరం, దాని పక్కన ఒక గీత. గీత తర్వాత ఖాళీ.

"ఈ మేబెల్ ఎవరమ్మా?"

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. జడ్జిగారు జవాబు చెప్పండి అన్నారు. జెరూషా నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూతురి వైపు చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

"నాకు తెలియదండీ."

మీ భర్త సమాధి మీద, ఆయన భార్య అని రాసి ఉంది, తెలియదా అన్నాడు. తెలియదు అంది. ఫొటో తిరిగి ఇచ్చేసింది. ముద్దాయి బోనులో రాఘవేందర్ తల వంచుకున్నాడు. అతనికి సిగ్గేసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. దాని వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

తీర్పులో రాఘవేందర్‌ను వదిలేశారు. ఆమె క్రైస్తవ మతాన్ని అవలంబిస్తోందని రుజువైంది, కాబట్టి ఈ చట్టం వర్తించదు. అంతటితో ఆగితే బాధే, అయినా భరించవచ్చు. తన పేరు తనదని ఒప్పుకోని మనిషి, తనను ఎవరో ఏదో అన్నారంటే ఎలా నమ్మేది అని కూడా రాశారు. నేను ఆమెకు పాత స్నేహితుణ్ణి గనుక నా మాటకు విలువ ఇవ్వలేదు. మిగతా నలభై మందిలో సాక్ష్యానికి వచ్చిన ఇద్దరూ మాకు సరిగ్గా వినబడలేదన్నారు. తీర్పు నకలు ఒకటి కలెక్టరుకు పంపమన్నారు, సర్టిఫికెట్టు సంగతి చూడమని.

ఆ నకలు దారి తప్పలేదు. ఈ దేశంలో ఏ కాగితమైనా దారి తప్పుతుంది గాని అది తప్పలేదు. తల్లి సర్టిఫికెట్టు రద్దయింది, దాని వెంట కూతురిది. బ్యాంకువాళ్ళు జెరూషాను పిలిచి సంజాయిషీ అడిగారు, తర్వాత తీసేశారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని టీచర్ నాతో అంది. ఇద్దరూ ఆ మూడు గదుల్లో పళ్ళెం ఒకరు పెడితే ఒకరు తిని లేచేవారు.

రాఘవేందర్ మళ్ళీ మామూలు మనిషయ్యాడు. సిగ్గు ఎంతకాలం ఉంటుంది గనక. పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర ఎదురైతే ఎంతో మర్యాదగా తల వంచి "వందనాలు మేబెల్ గారూ" అంటాడు. క్రైస్తవులు ఒకరికొకరు చెప్పుకునే వందనాలు. కోర్టే చెప్పిన పేరు, కోర్టే చెప్పిన మతం, ఎవరు తప్పుబడతారు? ఆమె తిరిగి వందనాలు చెబుతుంది. చెప్పకపోతే ఏమిటో, చెబితే ఏమిటో నాకు తెలియదు. ఒకరోజు నేను ఆగలేక, సిగ్గులేదురా నీకు అన్నాను. "మంచి మాటనే గద సారూ అన్న, గింతకే పరేషాన్ అయితే ఎట్ల" అన్నాడు.

చర్చివాళ్ళు ఆమెను వెలివేయలేదు. సంఘ పెద్ద జకర్యా గారు ఇంటికి వచ్చి, మాలో సగం మందికి రెండు పేర్లేనమ్మా, ఎవరు ఎవర్ని అడుగుతారు అని ప్రార్థన చేసి వెళ్ళాడట. కానీ ఆ తీర్పు తర్వాత కొన్ని కుటుంబాలు చర్చి మెట్ల మీద ఫొటోలు దిగడం మానేశాయి. ఆమె పక్కన కూర్చోవడానికి కూడా జంకేవారు. ఆమె మీద కోపం కాదు, భయం. ఆమె మాత్రం ప్రభు భోజనమని చర్చిలో నెలనెలా ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం మానేసింది. పాస్టరుగారు వరసలో ఆమె దగ్గరికి వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపుతుందని జెరూషా చెప్పింది. దేవుణ్ణి సాక్షిగా పిలిచి ఆయన ముందే కాదన్నాను, ఏ మొహంతో చెయ్యి చాపను అంటుందట.

మొన్న ఎండలు ముదరక ముందు ఒక ఉదయం నా తలుపు కొట్టి, సమాధుల దాకా తోడు వస్తారా సార్ అంది. జెరూషా రానందట. ఆటోలో ఇద్దరం వెళ్ళాం. సమాధుల తోట గేటు లోపలే చెట్టు కింద రాళ్ళు చెక్కే మేస్త్రీ కూర్చుంటాడు. అతన్ని వెంటబెట్టుకుని హెన్రీ గారి రాయి దగ్గరికి తీసుకెళ్ళి, కింది పేరు తీసేయమంది.

నాకు ఒళ్ళు మండింది. ఏం పని టీచర్ ఇది, పోయినవి చాలలేదా అన్నాను. కోర్టులో ఏదో అన్నారు, ఏ తల్లయినా అదే అంటుంది, దానికి రాయినెందుకు శిక్షిస్తారు అన్నాను. మొదట్లోనే నిజం చెప్పి ఉన్నా ఇంతే జరిగేది గదా అని కూడా అన్నాను. అనకూడని మాట. కానీ ఆమెకు కోపం రాలేదు.

"నచ్చిన దేవుణ్ణి బాహాటంగా కొలుచుకునే హక్కు ప్రతివాడికీ ఉందని ముప్పై ఏళ్ళు చెప్పాను సార్. నా దాకా వచ్చేసరికి అబద్ధమాడటం ఒక్కటే మిగిలింది. అది కూడా సరిగ్గా రాలేదు నాకు."

మేస్త్రీకి మా గొడవ పట్టలేదు. రాయి మీద అరచెయ్యి పెట్టి తడిమి చూశాడు. "పేరు తీస్తే గుంత పడ్తదమ్మా. ఊకె ఇడిస్తే మంచిగుండది. దాని జాగల ఏ పేరు ఎక్కియ్యాలె, జెర చెప్పుండ్రి" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేబెల్ ఎవరో తెలియదని ప్రమాణం చేశాను బాబూ. కల్పలత అని రాస్తే నన్ను ఇక్కడ దించనివ్వరు."

అతనికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. ఆమె ఇటు తిరగకుండా రాయినే చూస్తూ నిలబడింది. కానివ్వమని నేను చెయ్యి ఊపాను. అతను గొంతుక్కూర్చుని, ఉలి ఎత్తి, మొదటి అక్షరం మీద పెట్టి కొట్టాడు.